పండిట్‌జీ అడగని మాట

లక్ష్మీప్రసాద్ చూరు పెంకుల సందులో చిన్న అద్దం ఇరికించి గడ్డం గీసుకుంటున్నాడు. చెవి దగ్గర నుంచి చుబుకం దాకా ఒకే గీతలో రేజరు లాగాడు. ఐదున్నరకల్లా ఆ పని అయిపోవడం ఇరవై ఆరేళ్ల అలవాటు. సైన్యంలో ఆయన ధర్మగురువు, జవాన్లకు పండిట్‌జీ. తుపాకీ పట్టే పని లేదు. పటాలం గుడిలో హారతివ్వాలి, పోయినవాళ్లకు మంత్రం చదవాలి. బతికున్నవాళ్లు చెప్పుకునేది వినాలి కూడా. దానికి మాత్రం ఎక్కడా శిక్షణ ఇవ్వలేదు.

పెరట్లో రాయి మీద కామేష్ కూర్చున్నాడు. మూడు నెలల కిందట మంచుచరియ కింద నుంచి అతన్ని ప్రాణాలతో తీశారు. పక్కనున్న తోటి జవాను దక్కలేదు. అప్పటినుంచి కామేష్ నోరు విప్పలేదు. డాక్టర్లు చూశారు. లక్ష్మీప్రసాద్ రోజూ పక్కన కూర్చుని భగవద్గీత చెప్పాడు. చివరికి సెలవు ఇప్పించి, తనే వెంటబెట్టుకుని నిన్న సాయంత్రం అరకు కొండల్లోని ఈ ఇంటికి తీసుకొచ్చాడు.

"పంతులుగారూ, మా దిసారి వచ్చీసినాడు. మీకేటీ అడ్డు లేదు గదా?" కామేష్ తల్లి సోములమ్మ అడిగింది.

"లేదమ్మా. నేనూ చూస్తాను."

దిసారి భీముడు ఊరి పూజలు చేసే ముసలాయన. కాఫీ తోటలో చెట్టు కింద అలికి, కామేష్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, ఆకులో సామలు పోశాడు. లక్ష్మీప్రసాద్ గొంతుక్కూర్చుని ప్రతి కదలికా గమనించాడు. భీముడు చెప్పేది మంత్రంలా లేదు. పక్కింటివాడితో కబురాడుతున్నట్టుంది.

"దేవుణ్ణి ఏం అడుగుతున్నావు?"

"అడగట్లేదు బాబూ. మా గుంటడు వచ్చినాడని సెప్తన్నాను. రానోడి పేరూ సెప్పాల." భీముడు కామేష్ వైపు తిరిగాడు. "ఆడి పేరేట్రా?"

కామేష్ తన అరచేతి వంక చూసుకున్నాడు.

"సెల్వం," అన్నాడు. "నా సెయ్యి పట్టుకునే ఉన్నాడు."

సోములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భీముడు సెల్వం పేరున ఇంకో ఆకు పరిచాడు. గాయం రేగుతుందని మూడు నెలలుగా లక్ష్మీప్రసాద్ ఎత్తని పేరు అది. ఆయన కళ్లు దించుకున్నాడు.

మధ్యాహ్నం రైలుకి బయల్దేరిన ఆయన్ని కామేష్ రోడ్డు దాకా సాగనంపాడు.

"మీరెప్పుడూ ఆడి గురించి అడగలేదేటి, పండిట్‌జీ?"

"తెలియక, నాయనా."

ఆటో మలుపు తిరిగింది. ఇంటి దగ్గర, ఆయన పడుకున్న చాప పక్కన, కామేష్ మీద చల్లుదామని గంగాజలం నింపి తెచ్చిన చిన్న రాగి చెంబు మూత తీయకుండానే ఉండిపోయింది.