పొడుగు బంతి, మేకపిల్ల

లైల్ బ్రాండ్‌వోల్డ్ భార్య ట్రూడీకి తొమ్మిదో నెల. పుట్టబోయే బిడ్డ పేరు పందెంలో ఉందన్న సంగతి ఆమెకి తెలియదు.

కెస్లర్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో పన్నెండుమంది మగవాళ్లు పదకొండేళ్లుగా ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అందులో ఆటగాళ్లు నిజం, జట్లు ఉత్తుత్తివి. ఎక్కడో మైదానంలో ఎవడో చేత్తో బంతి పట్టుకుని గజాలకు గజాలు పరిగెడితే ఇక్కడ సోఫాలో కూర్చున్నవాడి ఫోన్లో పది గజాలకొకటి చొప్పున పాయింట్లు పడతాయి. ఏటా అట్టడుగున మిగిలిన ఇద్దరూ డిసెంబరు చివర్లో ఒకరితో ఒకరు తలపడాలి. ఓడినవాడి ఇంటికి ఆ తరవాత మొదటగా వచ్చే ప్రాణికి గాని, వస్తువుకి గాని, గెలిచినవాడు పేరు పెడతాడు. ఒకసారి పెట్టాక మార్చడానికి లేదు. ఈ నియమం పుణ్యమా అని ఆ పన్నెండుమందిలో హోలిస్ అనేవాడి కొత్త పడవ పేరు ‘చిల్లు’. పాస్టరుగారి కుక్క పేరు ‘సైతాను’. ఆయన రోజూ పొద్దున్నే వీధిలోకి వచ్చి, సైతానూ ఇంటికి రా నాయనా అని పిలుస్తుంటాడు, పాపం.

ఈ ఏడు అడుగున మిగిలింది లైలూ, ట్రూడీ అన్న ఆర్విడూ.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో వేయించిన చేపల పళ్లెం ముందేసుకుని ఆర్విడ్ మీసాలు తుడుచుకున్నాడు. “ఏం బావా, పాపేనటగా? పేరు నేను ఆలోచించి పెట్టేశాలే. నువ్వు తాపీగా ఓడిపో.”

“ముందు నువ్వు పడవేదో కొనుక్కో. దానికి నేను చూసిపెట్టిన పేరు వింటే నీళ్లలోకి దింపాలంటేనే సిగ్గుపడతావు.”

“మరి మా చెల్లికి చెప్పావా?”

లైల్ చేప ముక్క నోట్లో కుక్కుకుని మాట తప్పించాడు. ఆర్విడ్ పెట్టబోయే పేరు ఏమై ఉంటుందా అని అతనికి నిద్రపట్టడం లేదు. ‘టచ్‌డౌన్’ అంటాడేమో. ‘ఓటమి’ అంటాడేమో. బడిలో టీచరు హాజరు పిలుస్తున్నట్టు, పిల్ల తలొంచుకుని లేచినట్టు కళ్లకు కట్టేది.

గెలవడానికి అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. బంతి పట్టేవాడు ఎంత గొప్పవాడన్నది చూడకూడదు. వాడికి ఎదురుగా కాపలా కాసేవాడు వెనక్కి తిరిగి పరిగెత్తగలడా లేడా అన్నదే చూడాలి. తిరగలేనివాడి నెత్తి మీదుగా నలభై గజాల అవతలికి పొడుగు బంతి విసిరితే, ఆ ఒక్క విసురుతో వారమంతా గట్టెక్కుతుంది. ఈ సిద్ధాంతం అతని బతుకంతా పాకిపోయింది. కిరాణా కొట్లో ఏ క్యాషియరు మెడ నొప్పితో ఉందో చూసి ఆ వరసలో నిలబడతాడు, పక్కకి తిరిగి కబుర్లు పెట్టుకోలేదు కనక. అత్తవారింట్లో విందుకి చూపు ఆనని మేనమామ పక్కనే చోటు చూసుకుంటాడు, మాంసం గిన్నె తన దగ్గర ఆగినా ఆయన అడగడు కనక. చీజ్ ఫ్యాక్టరీలో పని, ఇంట్లో సామాన్ల గది గోడ నిండా కాపలాదారుల మోకాళ్ల చిట్టా. సిద్ధాంతం ఇంత ఉండీ అడుగుకు ఎందుకు పడిపోయావని ఎవరూ అడక్కూడదు. అడిగితే అలుగుతాడు.

ఆఖరి వారానికి అతని జట్టులో ఒక్క చోటుకి ఇద్దరు ఆటగాళ్లు మిగిలారు, ఒకరిని ఎంచుకోవాలి. టెవిన్ మార్ష్ బుద్ధిమంతుడు. వారం వారం ఆరేడు బంతులు పడతాడు, ఒక్కోదానికి ఏడు గజాలు, జీతం తీసుకునే గుమాస్తాలా. క్విలన్ ఓక్స్ అలా కాదు. ఏడాది మొత్తం మీద పట్టింది పంతొమ్మిదే, కానీ అందులో ఏడు నలభై గజాలు దాటినవి. ఈ వారం అతని ఎదుట కాపలా కాసేవాడికి ఎడమ మోకాలు వాచి ఉంది. గత ఆరు ఆటల్లో అయిదింట్లో వాడి నెత్తి మీదుగా బంతి వెళ్లిపోయింది. లైల్ ఆ ఆటలన్నీ రెండేసిసార్లు చూశాడు. ఎడమ పక్కకి తిరిగేటప్పుడు వాడు గేటు తలుపులా తిరుగుతాడని తేల్చుకుని ఓక్స్‌నే జట్టులో పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆర్విడ్ లైల్ ఇంటికే వచ్చి కూర్చున్నాడు. మూడింటికల్లా అతని ఆటగాళ్లందరి ఆటలూ ముగిశాయి. లైల్ పైచేయి, అదీ సున్నా పాయింట్ మూడు తేడాతో. ఇక ఓక్స్ ఒక్కడి ఆటే ఉంది, మూడూ ఇరవై అయిదుకి.

“గెలిచేసినట్టేగా బావా,” అన్నాడు ఆర్విడ్ చీజ్ ముక్క నములుతూ. “వాడు బంతి జారవిడవకపోతే చాలు. జారితే రెండు పాయింట్లు కోత. అన్నట్టు వాడి చేతులు చూశావా? వెన్న పూసుకున్నట్టుంటాయి.”

లైల్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వాడు ఆడకపోతే సున్నా. సున్నా వచ్చినా గెలుపే. ఆడితే ముప్ఫయ్యీ రావచ్చు, రెండు పోనూవచ్చు. మూడు వారాలు మోకాళ్లు చదివినవాడు మూడూ ఇరవై నాలుగుకి చెమటలు కారుతున్న వేలితో ఓక్స్‌ని జట్టులోంచి తీసేసి ఆ చోటు ఖాళీగా ఉంచాడు.

మొదటి విసురుకే డెబ్బైనాలుగు గజాలు. కాపలావాడు ఎడమకి తిరగబోయి గడ్డి మీద కూలబడ్డాడు. రెండోది అరవై ఒకటి. మూడోసారి ఓక్స్ వెనకడుగులు వేస్తూ టచ్‌డౌన్ గీత దాటాడు.

“నీ సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు నిజం బావా!” ఆర్విడ్‌కి నవ్వుతో చీజ్ పొలమారింది. “నమ్మాల్సింది నువ్వే, నువ్వే నమ్మలేదు!”

“నవ్వుకో. గెలిచింది నేను. నా కూతురి పేరు నా ఇష్టం.”

వంటింట్లోంచి ట్రూడీ కేక వేసింది. “కూతురి పేరేంటి?”

“ఏం లేదు!” అన్నారు బావలిద్దరూ ఒక్క గొంతుతో.

గురువారం ఫ్యాక్టరీలో ఉండగా లైల్ ఫోన్ మోగింది. ఆటల లెక్కలు చూసే పెద్దలు వీడియో మళ్లీ చూశారట. ఆర్విడ్ ఆటగాడి పరుగు ఒకటి మూడు గజాలు కాదు, ఏడు గజాలట. దాంతో అతనికి ఇంకో సున్నా పాయింట్ నాలుగు కలిసింది. లైల్ సున్నా పాయింట్ ఒకటితో ఓడిపోయాడు. చీజ్ తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున ట్రూడీకి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి నలభై నిమిషాల దూరం. దారి మధ్యలో లైల్ ట్రక్కుని హెర్ష్‌బర్గర్ల మేకల దొడ్డివైపు తిప్పాడు.

“ఇదేం దారి?”

“ఒక్క రెండు నిమిషాలే, బంగారం.”

అయిదు నిమిషాలకి చంకలో మేకపిల్లతో వచ్చి దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ట్రూడీ నొప్పి ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తరవాత వెనక్కి తిరిగి చూసింది.

“లైల్. అదేంటి?”

“మేక.”

“మేక అని నాకు తెలీదనుకున్నావా? ఎందుకూ అని!”

దాచి లాభం లేక చెప్పేశాడు. పందెం చెప్పాడు, ఓక్స్‌ని తీసేసింది చెప్పాడు, సున్నా పాయింట్ ఒకటి చెప్పాడు. బిడ్డకన్నా ముందు ఇంకేదైనా ప్రాణి ఇంట్లో అడుగుపెడితే ఆర్విడ్ దానికే పేరు పెట్టాలని కూడా చెప్పాడు.

“నా బిడ్డని బంతాటలో పెట్టావా!” అంటూ ట్రూడీ అతని భుజం మీద గుద్దింది. మళ్లీ నొప్పి రావడంతో అదే భుజం పట్టుకుంది. “మా అన్నయ్య నోటి సంగతి తెలిసి కూడా! పోనీ, ముందే ఏ పిల్లినో ఇంటికి తెచ్చి ఉంటే... అమ్మా! పద, తొందరగా పోనీ!”

మధ్యాహ్నానికి పాప పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమని తెలియగానే లైల్ ఇంటికి పరిగెత్తి, మేకపిల్లని వంటింట్లో దింపి, దాని ఫొటో మిగతా పదకొండుమందికీ పంపించాడు. ఆ సాయంత్రం ఓట్లు పడ్డాయి. మేక ప్రాణే, వచ్చింది ఇంటికే, అదీ మొదటగానే అని ఏడుగురు ఒప్పుకున్నారు. ఆర్విడ్ ఎటూ వెయ్యలేదు.

ఆదివారం ట్రూడీ పాపతో ఇంటికి వచ్చింది. మేనకోడల్ని చూడ్డానికి ఆర్విడ్ కూడా వచ్చాడు. పాపని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ చెల్లికి అందించాడు.

“ఊఁ, పెట్టు బావా,” అన్నాడు లైల్ మేకని ముందుకు నెడుతూ. హుషారు ఆపుకోలేకపోతున్నాడు. “ఆలోచించి పెట్టుకున్నానన్నావుగా. ఆ పేరే పెట్టు.”

“వేరేది ఆలోచించనా?”

“అదేం కుదరదు. అదే కావాలి. ఏం గొప్ప పేరో మేమూ వింటాం.”

ఆర్విడ్ టోపీ తీసి చేత్తో నలిపాడు.

“సిగ్రిడ్,” అన్నాడు.

ట్రూడీ తల ఎత్తింది. అమ్మ పోయాక అన్నాచెల్లెళ్లిద్దర్నీ పాల డబ్బాలు మోసి పెంచిన నానమ్మ పేరు అది.

“నానమ్మ పేరు... మేకకా అన్నయ్యా?”

“మేక కోసం అనుకున్నానటే?” ఆర్విడ్ చెల్లి ఒళ్లోని పాప వైపు చూశాడు. “నాకా పిల్లల్లేరు. నీ పిల్లకి ఆ పేరు పెట్టమని అడిగే హక్కు నాకెక్కడిది? గెలిస్తే పెట్టొచ్చు కదా అనుకున్నా. పదకొండేళ్లలో ఈ ఒక్కసారే గెలవాలని నిజంగా కోరుకున్నా.”

“నేను ఆ పేరు నీ కోసం వదిలేశాను అన్నయ్యా. నీకు కూతురు పుడితే పెట్టుకుంటావని.”

లైల్ మేకని వెనక్కి లాక్కున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. “అయితే మార్చేద్దాం,” అన్నాడు చివరికి. “ఎవరికి తెలుస్తుంది? పాపకే పెట్టేద్దాం.”

“మేక పేరా, నా పిల్లకా?” ట్రూడీ ఏడుస్తూనే కసిరింది. “బడికెళ్లిన మొదటి రోజే ఊరంతా ఈ కథ చెప్పుకుంటుంది. నువ్వు భయపడి ఓక్స్‌ని తీసేసింది చాలదా, ఇంకా మారుస్తావా?”

ట్రూడీ కళ్లు తుడుచుకుని, చిన్నప్పుడు పాలకొట్టం గుమ్మంలో నిలబడి నానమ్మని పిలిచినట్టు, “సిగ్రిడ్,” అని మెల్లగా పిలిచింది. మేకపిల్ల వంటింటి నేల మీద జారుతూ వచ్చి ఆమె మోకాలికి తల ఆనించింది. ఆర్విడ్ మొహం టోపీలో దాచుకున్నాడు. పేరు లేని పాప తల్లి ఒళ్లో నిద్రపోతూ ఉంది.