గోరు తట్టుకున్న చోట

"ఆ టాక్సీ ఆయిలు దించేసి, అట్నుంచటే గిన్నెలు తోమేయ్," అన్నాడు భర్త. రెండు పనులూ ఒకే ఊపిరిలో చెప్పాడు. ఆయన లెక్కలో రెండూ ఒకటే మరి. చేతులు పాడయ్యే పనులన్నీ ఆమెవి, చేతులు ఊపుతూ మాట్లాడే పనులన్నీ ఆయనవి. ఇంటి ముందు భాగమే షెడ్డు. దాని నెత్తిన ‘ఇంజన్ డాక్టర్’ అని ఎర్రక్షరాల బోర్డు. ఆ డాక్టరుగారి దగ్గరకొచ్చిన ఇంజన్లను విప్పడం, కడగడం, కొలవడం, వరసలో పేర్చడం, మళ్లీ బిగించడం పన్నెండేళ్లుగా ఆమె పని. ఎవరైనా అడిగితే మాత్రం, "మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుందిలెండి," అంటాడాయన.

ఆ కారు టాక్సీ నడుపుకునే ఒకావిడది. పాత ఇంజన్ దించి, మొత్తం కొత్తగా చేసిచ్చి నెల కూడా కాలేదు. పొద్దున్నే తెచ్చి వదిలి వెళ్తూ టాక్సీ ఆవిడ నసిగింది.

"వేడెక్కాక ఆయిల్ లైటు మినుక్కుమంటోందన్నా. ఎత్తు ఎక్కేటప్పుడు కింద టకటకమని చప్పుడు."

"కొత్త ఇంజనమ్మా, కుదురుకోవాలి. ఆయిలు మార్చి పెడతాం, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లు," అన్నాడు డాక్టరు, చప్పుడు వినకుండానే.

"సాయంత్రం కొండ మీది ఆసుపత్రికి ఇద్దరు రోగుల్ని ఎక్కించుకెళ్లాలన్నా. దారిలో ఆగిపోదు కదా?"

"నేను చేసిన ఇంజన్ ఆగడమా!"

వంటింట్లోంచి బహిష్కరించిన తెల్ల బేసినొకటి షెడ్డులో ఉంది. ఆమె అందులోకి ఆయిలు దించి ఎండలోకి జరిపింది. నల్లటి నూనెలో సన్నటి మెరుపు కనిపించింది. కొత్తగా చేసిన ఇంజన్‌లో రింగులు ఒరుసుకుని కొంచెం ఇనప పొడి రావడం మామూలే. ఆ పొడే అయితే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ, అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి నూనెలో తిప్పింది. అంటుకున్నది చిటికెడు కూడా లేదు. మిగతా మెరుపంతా బేసిన్‌లోనే ఉండిపోయింది. ఇనుము కానిది, ఇంత మెత్తగా మెరిసేది ఆ ఇంజన్ అడుగున ఒక్కటే ఉంటుంది, బేరింగు. ఎక్కడ పోయిందో, ఏ రోజు పోయిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

నెల కిందట ఆ రోజు ఆమె ఈ ఇంజన్‌నే విప్పుతోంది. పిస్టన్లని అడుగున తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకుకు, కలిపే కడ్డీలు నాలుగు, ఒక్కోదాని కింద ఒక్కో క్యాపు, ఆ రెండింటి మధ్య బేరింగు. ఏ కడ్డీ క్యాపు దానికే పెట్టాలి. మార్చి పెట్టినా బోల్టులు పడతాయి, పైకి అంతా బాగానే ఉంటుంది, లోపల మాత్రం గుండ్రం చెడి బేరింగు అరిగిపోతుంది. కంపెనీ వాళ్లు వేసిన అంకెలు అరిగిపోయిన ఇంజన్‌కి ఆమెకో పద్ధతుంది. విప్పకముందే కడ్డీకీ క్యాపుకీ పంచితో, అదే మొనదేలిన ఉలితో, చుక్కలు కొడుతుంది. మొదటి జతకి ఒకటి, రెండో జతకి రెండు. ఆ రెండూ అయ్యాయో లేదో అత్తగారు గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, మా వాళ్లొచ్చారు, వడ్డించు. ఇనప ముక్కలెక్కడికీ పోవులే," అంది. ఐదు నిమిషాలత్తయ్యా అంటే, "అంటే నేను వడ్డించుకోవాలన్నమాట," అంది. ఆమె లేచి వెళ్లింది. అందరూ తిని, తాంబూలంలా ఆమె వంటకి నాలుగు వంకలు నమిలి లేచేసరికి గంటన్నర. తిరిగొచ్చి చూస్తే మిగిలిన రెండు క్యాపులూ విప్పేసి కిరోసిన్ తొట్టిలో పడున్నాయి. "నేనే విప్పేశాలే, నీకెంతసేపు!" అన్నాడు భర్త. మూడోదేది, నాలుగోదేది అనడిగింది. ఆయన చుట్టాల వైపు తిరిగి, "చూశారా, నాకే పాఠాలు!" అని నవ్వి, ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, "ఇదే మూడోది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత బిగించేటప్పుడు, కడ్డీకీ క్యాపుకీ అతుకు దగ్గర గోరుతో తడిమి చూసింది. జత కుదిరితే గోరు నున్నగా జారిపోవాలి. తట్టుకుంది. తట్టుకున్నా, ఆయన చెప్పాడు కదా అని బిగించేసింది. ఇప్పుడు ఆ క్యాపు కంటే ఆ నవ్వే ఆమెను ఎక్కువ కోస్తోంది.

బేసిన్ తీసుకెళ్లి భర్తకి చూపించింది. "బేరింగు పోతోందండీ. మళ్లీ విప్పాలి."

"ఎవరడిగారు నిన్ను? చిక్కటి ఆయిలు పోసి పంపించెయ్. చప్పుడు అణుగుతుంది."

"కొండెక్కేటప్పుడు ఇంజన్ బిగుసుకుని పట్టేస్తేనో? బండిలో రోగులుంటారు."

ఆయన తువ్వాలు భుజానేసుకుని స్నానానికి బయల్దేరుతూ తేలిగ్గా అన్నాడు. "పట్టేస్తే పట్టేస్తుంది. ఆడవాళ్ల డ్రైవింగు, గేరు మార్చకుండా ఎత్తులెక్కించిందంటే నమ్మనివాడెవడు?"

నిజమే. అందరూ నమ్ముతారు. అది తల్చుకుంటేనే ఆమెకు ఒళ్లు మండింది. టాక్సీ ఆవిడ కూడా నమ్ముతుంది, తను పన్నెండేళ్లుగా అన్నీ నమ్మినట్టే. కూర ఉప్పయినా, పిల్లలు పుట్టకపోయినా, గోరు తట్టుకున్నా, తప్పు తనలోనే వెతుక్కోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

పానా తీసుకుని కారు కిందకి దూరింది. అడుగునున్న ఆయిల్ చాంబర్ ఊడదీసి, మూడో క్యాపు విప్పింది. బేరింగు ఒక పక్కంతా బూడిద రంగు పోయి రాగి బయటపడింది. నాలుగోదీ అంతే. నాలుగో చోటున్న క్యాపు తీసి మూడో కడ్డీకి ఆనించి, అతుకు మీద గోరు నడిపింది. నున్నగా జారిపోయింది.

మధ్యాహ్నం టాక్సీ ఆవిడ వచ్చేసరికి భర్త కూడా తల దువ్వుకుంటూ బయటికొచ్చాడు. కారు అడుగు విప్పేసి ఉండటం చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. మాటకారి కదా, వెంటనే అందుకున్నాడు. "గేర్లు సరిగ్గా మారుస్తున్నావామ్మా? చూడు, బేరింగులు పాడుచేసుకున్నావ్."

టాక్సీ ఆవిడ ముఖం పాలిపోయింది. "నా తప్పేనేమో అన్నా. ఆ ఎత్తులో ఒకసారి రెండో గేరులోనే..."

ఆమె కారు కిందనుంచి వచ్చి, అరిగిన బేరింగు ముక్కలు టాక్సీ ఆవిడ అరచేతిలో పెట్టింది. "నీ తప్పు కాదమ్మా. క్యాపులు తారుమారయ్యాయి. ఇక్కడే, ఈ షెడ్డులోనే."

భర్త నవ్వాడు. "మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుందిలే, దానికేం తెలుసు!"

ఈసారి ఆమె నవ్వలేదు. "చేతిసాయం కాదు. ఈ ఇంజన్ చేసింది నేను. బిగించేటప్పుడే తేడా తెలిసింది. తెలిసే బిగించాను. సాయంత్రానికి ఇంకో బండి మాట్లాడుకో అమ్మా, ఇది కదలదు."

టాక్సీ ఆవిడ బోర్డు వైపు చూసింది, ఆమె నల్లటి చేతుల వైపు చూసింది.

"లోపలికి పద," అన్నాడు భర్త గొంతు తగ్గించి. ఆ గొంతు తర్వాత లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు. ఇంట్లోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, అన్నం వడ్డించు!"

ఆమె పంచి వెతికి తీసుకుని, షెడ్డు మధ్యలో నేల మీద చతికిలబడి, అసలైన మూడో క్యాపు మీద మొదటి చుక్క కొట్టింది. ఇంకా రెండు చుక్కలున్నాయి.