స్వయంగా చూశాను

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఆఫీసులో అందరికీ టిక్కమ్మే. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, చూసినదాని పక్కన టిక్కు పెట్టడం ఇరవై ఏళ్ళుగా ఆవిడ పని. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. టిక్కమ్మ చూసిందంటే ఇంకెవరూ చూడక్కర్లేదని జనం అనడం మొదలుపెట్టాక దాని మీద మమకారం పుట్టింది.

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, రోగి నరంలోకి మందును కొలతగా ఎక్కించే యంత్రం ఒకటుంటుంది. ఆ యంత్రానికి ప్రోగ్రాములు రాసే కంపెనీ అది. ఇలాంటి కంపెనీల పనితీరుకు అయిదు మెట్లున్నాయి. ఒకటో మెట్టు మీద ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తారు. మూడో మెట్టు మీద అందరూ ఒకే పద్ధతిలో చేస్తారు. అయిదో మెట్టెక్కిన కంపెనీ తన తప్పుకు మూలం తానే వెతుక్కుని, అది మళ్ళీ జరక్కుండా పద్ధతినే మార్చుకుంటుంది. వినడానికి ఎంత బావుందో! వీళ్ళు మూడో మెట్టు మీదున్నారు. అయిదో మెట్టు పత్రం లేకపోతే పెద్ద ఆసుపత్రులు గుమ్మం తొక్కనివ్వవు. తనిఖీవాళ్ళు ఆరు వారాల్లో వస్తున్నారు.

అప్పుడు తేలింది, రెండేళ్ళలో రెండువందల పన్నెండు సమీక్షలకు కాగితాలు లేవని. ప్రోగ్రాము రాసినవాళ్ళూ టిక్కమ్మా పక్కపక్కన కూర్చుని ఒక్కో వరుసా చదవాలి, అదీ పద్ధతి. పని తొందరలో కూర్చోవడమే కుదరలేదు. కూర్చోనిదానికి కాగితాలెక్కణ్ణుంచి వస్తాయి?

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందుగా పలకరించే మనిషి. ఆయన టిక్కమ్మ బల్ల దగ్గరికి స్వయంగా వచ్చి, మెల్లగా అన్నాడు: "పని జరిగింది కదమ్మా, కాగితమే లేదు. నింపేద్దాం."

టిక్కమ్మ ఒక పూట నీళ్ళు నమిలింది. తర్వాత తలుపేసుకుని మూడు రోజులు కూర్చుంది. దొంగపనిలో కూడా ఆవిడ శ్రద్ధ శ్రద్ధే. క్యాలెండరు పక్కన పెట్టుకుని ఆదివారాలు తప్పించింది, సెలవులు తప్పించింది. అన్నిటికీ ఒకే పెన్ను వాడలేదు. ఒకచోట గంటన్నర పట్టిందని, ఒకచోట రెండు గంటలని, నమ్మకం కుదరడానికి అక్కడక్కడా చిన్నచిన్న తప్పులు దొరికాయని రాసింది. ప్రతి కాగితం అడుగునా అచ్చులో ఒక మాట ఉంటుంది: 'నేను స్వయంగా చూశాను.' దాని కింద రెండువందల పన్నెండు సార్లు సంతకం పెట్టింది.

రెండో రోజు తలుపు తట్టింది మౌని. నోట్లో నాలుక లేని ప్రోగ్రామరు అతను, అందుకే ఆ పేరు. గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "అక్కా, నేను రాసిన మందు కొలత నొక్కే స్క్రీన్ ఉంది కదా. నర్సు ఒక అంకె కొట్టి, వెంటనే దిద్దుకుంటే ఎక్కడో తేడా వస్తోందనిపిస్తోంది. ఒక్కసారి నా పక్కన కూర్చుంటారా?"

తనిఖీవాళ్ళు వెళ్ళనీ చూద్దామని, తలెత్తకుండానే చెప్పింది. ఆ సాయంత్రమే ఆ స్క్రీన్ కాగితం వంతు వచ్చింది. తప్పులు: లేవు. పట్టిన సమయం: రెండు గంటలు. తేదీ: కిందటి మార్చి పద్నాలుగు. సంతకం.

తనిఖీవాళ్ళు వచ్చారు, కాగితాలు చూసి ముచ్చటపడ్డారు, పత్రం ఇచ్చారు. దాన్ని అద్దాల చట్రంలో పెట్టి గుమ్మం ఎదురుగా తగిలించారు. స్క్రీన్ మాట టిక్కమ్మ మరిచిపోయింది. మౌని రెండోసారి అడిగే రకం కాదు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆసుపత్రిలో, ఆపరేషను బాగానే జరిగిన ఇద్దరు పిల్లల తల్లి మంచం మీదే చనిపోయింది. గంటకు రెండున్నర మిల్లీలీటర్ల చొప్పున వెళ్ళాల్సిన మందు ఇరవై అయిదు చొప్పున వెళ్ళింది. నర్సు ఏడుస్తూ చెప్పింది, ముందు పొరపాటున ఇరవై అయిదు కొట్టాననీ, వెంటనే దిద్దాననీ, స్క్రీన్ మీద రెండున్నరే కనబడిందనీ. యంత్రం జ్ఞాపకంలో మాత్రం ఇరవై అయిదే ఉంది. మనిషి మాట ఎవరిక్కావాలి? నర్సును పనిలోంచి తీసేశారు, పోలీసులు రెండుసార్లు పిలిపించారు.

కంపెనీ అయిదో మెట్టు మీదుంది కాబట్టి మూలం వెతకడానికి సమావేశం పెట్టింది. మేనేజరు ఆ స్క్రీన్ కాగితం బల్ల మీద పెట్టి, రాసినవాడూ టిక్కమ్మా ఇద్దరూ చూశారు, తప్పులేమీ లేవు, కనుక పొరపాటు నర్సుదేనని రాసేద్దామన్నాడు. కాగితం చేతులు మారుతూ మౌని దగ్గర ఆగింది. అతను తేదీ మీద వేలు పెట్టాడు.

"పద్నాలుగో తారీఖు మా అమ్మ పోయిన రోజక్కా," అన్నాడు. "మీరు మా ఇంటికొచ్చారు. చీకటి పడేదాకా నా పక్కనే కూర్చున్నారు."

టిక్కమ్మ కాగితం అందుకుని తేదీ చూసింది. ఆ రోజు పక్కన కూర్చున్నమాట నిజమే, కూర్చున్నది ప్రోగ్రాము ముందు కాదు. అన్ని సెలవులూ తప్పించిన మనిషికి ఈ ఒక్క రోజూ గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"చూడలేదు," అంది. "ఆ రోజే కాదు, ఏ రోజూ చూడలేదు. రెండువందల పన్నెండింటిలో ఒక్కటి కూడా."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడది బయటికొస్తే పత్రం పోతుందనీ, మూడువందల ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుందనీ, అనునయంగానే చెప్పాడు. చివరికి రాతగాడి చేత ఇలా రాయించాడు: మూలం, తేదీ వెయ్యడంలో పొరపాటు. దిద్దుబాటు, ఇకమీదట తేదీలు వేసేముందు సెలవుల పట్టికతో సరిచూసుకోవాలి. కాగితంలో దానికో కొత్త గడి కలిపారు. పద్ధతి నిజంగానే మెరుగుపడింది! ఆ యంత్రాలు మాత్రం ఇంకా నలభై ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి.

సమావేశం ముగిశాక సంతకం కోసం నివేదిక టిక్కమ్మ బల్ల మీదికి వచ్చింది. అడుగున అదే మాట. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, ఖాళీ సమీక్ష కాగితం ఒకటి తీసుకుని మౌని దగ్గరికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూపించు," అంది.

ఒక్కో వరుసా చదివారు. నూట ఎనభై ఆరో వరుసలో దొరికింది. నర్సు దిద్దిన అంకె స్క్రీన్‌కు వెళ్తోంది గానీ, రెండు క్షణాల్లోపు దిద్దితే మందును తోసే మోటారుకు పాతదే వెళ్తోంది. పక్కనున్న యంత్రం మీద నొక్కి చూశారు. స్క్రీన్ మీద రెండున్నర. మోటారు ఇరవై అయిదు మీద గిర్రున తిరిగింది. మౌని ముఖం తిప్పుకున్నాడు.

టిక్కమ్మ కాగితం నింపింది. తప్పులు: ఒకటి. ఎక్కడ బయటపడింది అన్నచోట నాలుగు గడులుంటాయి. మొదటి మూడూ ఆఫీసులో దొరికినవాటికి, నాలుగోది ఆసుపత్రిలో బయటపడినవాటికి. నాలుగోదాంట్లో టిక్కు పెట్టింది. ఇవాళ్టి తేదీ వేసింది. సంతకం పెట్టింది. దాన్నీ, పద్నాలుగో తారీఖు కాగితాన్నీ కలిపి, నలభై ఆసుపత్రులకూ, నర్సును పిలిపించిన పోలీసులకూ తన పేరు మీదే పంపించింది. ఉద్యోగం ఉండదని తెలుసు. ఉండాలనీ లేదు.

పంపేముందు ఒక గడి ఖాళీగా ఉందని మౌని వేలితో చూపించాడు: పట్టిన సమయం. టిక్కమ్మ గోడ గడియారం వంక చూసింది. మళ్ళీ చూసింది. ఆ రోజు మౌని గుమ్మంలో నిలబడి అడిగింది ఇంతసేపే.

నలభై నిమిషాలు, అని రాసింది.