పన్నెండో వరుస

1971 నవంబరు 18, గురువారం. ఆ ఉదయం గోవిందరావు చద్దన్నంలో కాల్చిన ఎండు నెత్తళ్లు నంజుకు తిని, నౌపడలో రైలెక్కి యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవమూ రాలేదు.

ఆ తేదీ, ఆ తిండి వైకుంఠరావుకి కంఠతా వచ్చు. ఏడాదికోసారి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి టెక్కలి వచ్చే గోవిందరావు భార్య జోగమ్మ నోట పదేళ్లుగా వింటున్నవే. పాత కచేరీకీ గ్రంథాలయానికీ మధ్యనున్న అమరవీరుల స్తూపం దగ్గర ఆమె కాసేపు కూర్చుని వెళ్లేది. స్తూపం మీద పదకొండు పేర్లున్నాయి. ఆమె భర్త పేరు లేదు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు గ్రంథాలయం చూసుకుంటున్న వైకుంఠరావుకి అది అన్యాయమనిపించేది. పాత రాయి బీటలిచ్చిందని కొత్త నల్లరాయి తెప్పించగానే, కాగితాలన్నీ తిరగేసి గోవిందరావుని పన్నెండో పేరుగా చేర్చి, ఆమెకు కబురు పెట్టాడు.

సాయంత్రం జోగమ్మ ఆటో దిగేసరికి, రాయి చెక్కే ప్రదీప్ పదకొండో పేరు పూర్తిచేసి టీ తాగుతున్నాడు. తన స్టూలు ఆమె వైపు జరిపాడు.

"రేపే ఆవిష్కరణ. సంతోషమేనా జోగమ్మా?" అన్నాడు వైకుంఠరావు.

ఆమె రాయి వంక చూడలేదు. "ఆపించు బాబూ."

"ఏం?"

"ఏటి బాబూ, సదువుకున్నోడివి. సముద్రం మీదకెళ్లినోడు సవమై ఒడ్డుకి రాకపోతే, మా పల్లెలో పెళ్లాం గాజులు తియ్యదు. ఊరూ తియ్యమనదు. మా ఆయన్నీ అలాగే అనుకున్నారు. రేపు రాయి మీద పేరు సూసినాక ఊరుకుంతారేటి? ఆడోళ్లొచ్చి ఇవి సితగ్గొడతారు."

రెండు చేతులూ చాపింది. ఆకుపచ్చ మట్టిగాజులు.

"ఆయన రాడని నాకు తెలవదేటి? తెలిసే ఏసుకుంతన్నాను."

నాలుగేళ్ల కిందట భార్య మాధవీలత పోయిన రోజు, వైకుంఠరావు ఒంటి మీద నుంచి ఎవరూ ఏమీ తీయమనలేదు. పెళ్లినాటి ఉంగరం ఇప్పటికీ వేలికే ఉంది.

"ప్రదీపూ, పన్నెండోది చెక్కకు."

"అదేటి మాస్టారూ, సుద్దతో గీసీసాను కూడా. వరస బోసిగా ఉంటాది. రేపొచ్చినోళ్లు నాకు పని రాదనుకుంటారు."

"ముసలాయనకి లెక్క తప్పిందని చెప్పు."

"అలాగైతే నమ్ముతారు," అని నవ్వి, ప్రదీప్ ఇంకేమీ అడక్కుండా తడిగుడ్డతో పేరు తుడిచేశాడు.

జోగమ్మ ఆ తడి ఆరేదాకా చూస్తూ కూర్చుంది. లేస్తూ అంది: "గాజులతో నన్ను సాగనంపినాక సెక్కించు బాబూ."

"నీకంటే నేనే పెద్దవాణ్ణి కదమ్మా."

"అయితే రాసిపెట్టు. సదువుకున్నోడివి గదా."

ఆమెను ఆటో ఎక్కించి వచ్చి, వైకుంఠరావు గ్రంథాలయంలో కూర్చుని తెల్లకాగితం మీద రాశాడు. 'పన్నెండో వరుస గోవిందరావుది. జోగమ్మ పోయాకే చెక్కించాలి. ఈలోగా ఎవరడిగినా, తప్పు నాది.' సంతకం చేసి, తన తర్వాత వచ్చేవాళ్ల కంటబడేలా బీరువా తలుపు లోపల అంటించాడు.

లైటు ఆర్పాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు లాగి తాళం వేశాడు.