రెండు ఫిరంగుల కాఫీ

ఎదుటివాడికి ఏం కావాలో వాడు నోరు విప్పకముందే తెలిస్తే లాభం, విప్పాక తెలిస్తే బేరం, ఎప్పటికీ తెలియకపోతే నష్టం. నా వ్యాపారమంతా ఈ లెక్క మీదే నడిచింది. ఇంగ్లీషువాళ్లు మా రేవుకొచ్చి, సముద్రం మీద కొట్లాటలు వద్దని ఒప్పందం రాయించుకున్న ఏడాది ఈ మూడింటినీ కాఫీ కప్పుల్లో చూశాను.

మాది అరబ్బు తీరంలోని రాస్ మిల్హ్. ముత్యాల వేట మొదలయ్యే కాలమది. ఊళ్లో పడవలన్నీ సొరచేప నూనె పూయించుకుని ఇసుక మీద నిగనిగలాడుతున్నాయి, నాది తప్ప. నాది ఇంగ్లీషు యుద్ధనౌక వెనకాల తాడు కట్టించుకుని, పరాయి దొడ్లో దొరికిన మేకలా నిలబడి ఉంది. సముద్రం మీద ఆయుధాలు పట్టుకు తిరగకూడదని కొత్త పద్ధతి వచ్చిందట. నా పడవలో రెండు తుపాకులు దొరికాయి. వాటి తుప్పు గీకి అమ్మితే తుపాకుల కంటే ఎక్కువ ధర వస్తుంది. ఆ మాట చెప్పినా ఆ ఓడ కెప్టెన్ హాస్కిన్స్ వినలేదు.

"మీ షేక్ ఒప్పందం మీద ముద్ర వెయ్యనీ, అప్పుడు చూద్దాం. లేదంటే పడవ నాతో బూషెహర్ వస్తుంది. అక్కడ విచారణ జరుగుతుంది" అన్నాడు.

బూషెహర్ అంటే సముద్రానికి ఆవలి ఒడ్డున ఇంగ్లీషువాళ్ల కచేరీ. అక్కడి విచారణ సంగతి నాకు తెలుసు. అది పూర్తయ్యేసరికి వేట కాలం ముగుస్తుంది, ఈతగాళ్లు వేరే పడవలెక్కేస్తారు, నేను ఒడ్డున ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి.

ఇంట్లో నా భార్య ఓషాది ఇంకో బాధ. ఎండలు ముదిరాయి, పుట్టింటివాళ్ల ఖర్జూరపు తోటకు పంపమని పోరుతోంది.

"పడవ విడిపించాక పంపుతాలే" అన్నాను.

"పోయినేడు పడవ తిరిగి రానీ అన్నావు. అంతకుముందేడు పడవ చెయ్యించనీ అన్నావు. నన్ను కాదు, ఆ పడవనే చేసుకోవలసింది నువ్వు" అంది.

నేను బొంబాయి రేవులో తిరిగిన రోజుల్లో హిందుస్తానీ పట్టుబడింది. కెప్టెన్‌కీ ఆ భాషే వచ్చు, నాకంటే అధ్వానంగా. అందుకని దుబాసీ పని నా నెత్తిన పడింది. జీతం లేదు గానీ, పడవ అతని చేతిలో ఉన్నప్పుడు జీతం ఎవడడుగుతాడు?

కెప్టెన్ ఒడ్డుకొచ్చిన రోజున మా షేక్ హువైదిన్ కొలువులో అందరం వరుసగా కూర్చున్నాం. ఒప్పందాన్ని వారం రోజులు సాగదీయాలని షేక్ ముందే అనుకున్నాడు. వారం విందులకు సరిపడా మేకలు కూడా తెప్పించాడు. కాఫీ వచ్చింది. మా కప్పులకు పట్టుకోవడానికి చెవులుండవు. కెప్టెన్ వేళ్లు చురుక్కుమన్నట్టున్నాయి, కప్పును గబుక్కున చాప మీద పెట్టేశాడు.

కొలువంతా ఆ కప్పు వైపే చూసింది.

మా దగ్గర అతిథి కప్పు ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని అర్థం. ఇంటివాడు "ఏం కావాలి?" అనో, ఇంకా పెద్దమనసున్నవాడైతే అడగకుండానే "తాగు, నీ పని అయింది" అనో అనాలి. ఆ మాట దాటాక వెనక్కి పోవడం లేదు. ఇస్తానన్నది ఇవ్వనివాడి ఇంట తరవాత కుక్క కూడా నీళ్లు తాగదు.

షేక్ హువైదిన్ ఎవరికీ తక్కువ తినేవాడు కాదు. ఛాతీ విరిచి, "తాగు, నీ పని అయింది" అన్నాడు.

నేను హిందుస్తానీలోకి మార్చాను. కెప్టెన్ తెల్లబోయాడు. "ఏ పని?"

"మీరొచ్చిన పనే. రేపు ఓడ మీదికొచ్చి ముద్ర వేస్తారు."

"ఇంత తొందరగానా? ఇక్కడివాళ్లతో నెల పడుతుందని భయపెట్టారే నన్ను!"

అతను వెళ్లాక షేక్ నన్ను పక్కకు పిలిచాడు. "ముసబ్బా, నిజం చెప్పు. వాడు వేళ్లు కాలి పెట్టాడు కదూ?"

"అవును షేక్ గారూ."

"మరి ఆ మాట అప్పుడే అనవేం?"

"అంటే మీరిచ్చిన మాట వెనక్కి తీసుకునేవారా?"

"తీసుకునేవాణ్ణి కాదు. కానీ నిన్ను తిట్టడానికి వీలుండేది." పక్కనున్న ఆయన పినతండ్రి ఖల్ఫాన్ పళ్లు లేని నోటితో పగలబడి నవ్వుతూ షేక్ వైపు తిరిగాడు. "ఎందుకురా ఏడుస్తావు? సముద్రం మీద కొట్టుకోవద్దన్నాడు గానీ, ఒడ్డు మీద వద్దన్నాడా?"

మర్నాడు ముగ్గురం పడవలో ఓడ దగ్గరికి పోయాం. షేక్ తాడు నిచ్చెన మీద కాలు పెట్టగానే ఫిరంగి వందనం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆ తరవాత సముద్రపు కాకుల అరుపులే.

షేక్ కాలు నిచ్చెన మీదే ఆగింది. "అయిపోయాయా?"

"అయిపోయినట్టే ఉన్నాయి."

"పక్క రేవు షేక్ బుత్తీకి అయిదు పేల్చారు. మా మేడ మీద నుంచి విన్నాను."

"ప్రతిధ్వనేమో షేక్ గారూ."

"ప్రతిధ్వనికి పొగ వస్తుందట్రా?"

బుత్తీ షేక్‌కి మా షేక్ కంటే రెండు ఎక్కువ పేలాయంటే, మా రేవులో ముసలమ్మలు కూడా దెప్పుతారు. అయినా ఆయన పైకెక్కాడు, నవ్వుతూ కూర్చున్నాడు. కెప్టెన్ మమ్మల్ని గౌరవించాలని కాఫీ పెట్టించాడు. పెద్ద పెద్ద కప్పులు, పాలు పోసి, చక్కెర వేసి. మా షేక్ తన కప్పు అందుకుని, బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

కెప్టెన్ తన కప్పు గుటగుటా తాగేశాడు. షేక్ కప్పు వైపు చూశాడు. ఏమీ అడగలేదు.

"షేక్ గారూ," అని అరబీలో గొణిగాను, "నేను చెప్పనా?"

"నోరు తెరిచావంటే నాలుక కోస్తాను. వాడంతట వాడు అడిగితే కోరిక. మనం అడిగించుకుంటే బిచ్చం."

"మరి ముద్ర?"

"వేస్తాను. మాటిచ్చాను కదా. ఎప్పుడని చెప్పలేదు."

కెప్టెన్ అనుకున్నదేమిటంటే కాఫీ నచ్చలేదని. ఇంకో రెండు చెంచాల చక్కెర వేయించాడు. షేక్ తల వూపి ఊరుకున్నాడు. పాలు లేని కాఫీ తెప్పించాడు. అదీ పక్కనే చేరింది. తరవాత నిమ్మకాయ నీళ్లు. తరవాత ఏదో గట్టి రొట్టె ముక్కలు. ఒకదాన్ని ఖల్ఫాన్ మొహమాటం లేకుండా లాక్కుని, చిగుళ్లతో కొరకలేక మళ్లీ పళ్లెంలో పెట్టాడు. బల్ల మీద చిన్న సంత తయారైంది, కొనేవాడే లేడు.

ఇంతలో ఒక నావికుడొచ్చి పోటు తగ్గుతోందని చెప్పాడు. నీళ్లు తగ్గితే ఓడ ఇసుకలో కూరుకుంటుంది. కెప్టెన్ లేచి గడియారం చూశాడు. అతను లంగరెత్తితే ఒప్పందం సంగతి దేవుడెరుగు, నా పడవ మాత్రం బూషెహర్ పోతుంది.

చెప్పకూడదు. చెప్పకపోతే మునుగుతాను. అప్పుడు నాకు తట్టింది. నోరు తెరవొద్దన్నాడు గానీ, కప్పు దించొద్దనలేదు కదా?

నా చేతిలో ముట్టకుండా ఉన్న కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాను. ఖల్ఫాన్ నా వంక ఓరగా చూసి, కన్ను గీటి, తనదీ పెట్టేశాడు. మా కప్పులన్నీ వరుసగా కెప్టెన్‌కేసి చూస్తున్నాయి.

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. పిడికిలితో బల్ల గుద్దాడు. "ఏం కావాలయ్యా మీకు అసలు?"

నేను అంత శ్రద్ధగా జీవితంలో ఏ మాటా మార్చలేదు. "షేక్ గారూ, మీకేం కావాలని కెప్టెన్ గారు అడుగుతున్నారు."

షేక్ ముఖం పున్నమి చంద్రుడిలా విచ్చుకుంది. "చూశావా బాబాయ్, మర్యాద తెలిసినవాడే. కాస్త ఆలస్యంగా తెలిసింది, అంతే. నాకు ఇంకో రెండు ఫిరంగులు కావాలి."

కెప్టెన్‌కి చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. "వీల్లేదు. మీ షేక్‌కి వందనం మూడే అని నాకు ఉత్తర్వు ఉంది. నాలుగోది పేలిస్తే నా ఉద్యోగం పేలిపోతుంది."

ఇక్కడిదాకా వచ్చిందంటే వ్యవహారం నా చేతిలోకొచ్చినట్టే. "కెప్టెన్ గారూ, వందనానికి మూడే అని ఉంది. మరి ఫిరంగి గొట్టాల్లో తేమ చేరితే ఆరబెట్టడానికి ఎన్ని పేల్చాలో ఉందా?"

"లేదు."

"మా తీరంలో తేమ చాలా ఎక్కువండీ. మీరే ఉదయం నుంచి చెమట తుడుచుకుంటున్నారు."

అతను నన్ను చూశాడు, వరుసగా ఉన్న కప్పుల్ని చూశాడు. మీసం కింద మూతి వంకర పోయింది. బయటికి కేకేసి ఏదో చెప్పాడు. కాసేపటికి ఓడ దడదడలాడింది. నాలుగు. మళ్లీ దడదడలాడింది. అయిదు. ఒడ్డున జనం ఈలలు వేయడం ఓడ మీదికి వినిపించింది. వాళ్ల లెక్కలో అయిదు వందనాలు, కెప్టెన్ లెక్కలో మూడు వందనాలూ రెండు ఆరబెట్టడాలూ. రెండు పక్షాలూ ఒప్పుకునే లెక్క కుదిరితే అదే మంచి ఒప్పందం.

షేక్ తన కప్పు ఎత్తాడు. అప్పటికి చల్లబడి మీగడ కట్టింది. కోరిక తీరాక తాగకపోతే తప్పు. కళ్లు మూసుకుని చివరిదాకా తాగి, ఉంగరం తీసి ముద్ర వేశాడు. "ఇది తాగిన తరవాత సముద్రం మీద ఎవరితోనైనా కొట్లాడే ఓపిక ఎక్కడిది?" అని నా చెవిలో గొణిగాడు.

వాళ్లిద్దరూ దిగిపోయారు. నేను నిచ్చెన దగ్గరికి వెళ్తుంటే కెప్టెన్ పిలిచాడు.

"నువ్వు ఆగు. నీ కప్పు ఇంకా బల్ల మీదే ఉంది."

వెనక్కి తిరిగి చూశాను. నిజమే.

"కప్పు సంగతి నాకిప్పుడు కొంచెం అర్థమైంది" అన్నాడు. "అయితే ఇప్పుడు నేను 'నీకేం కావాలి' అనాలి కదా?"

"అలా అంటే నా కుటుంబం మీకు రుణపడి ఉంటుంది."

"సరే. తాగు. నీ పని అయింది."

తాగాను. పడవ ఖరీదు అంతా ఆ ఒక్క కప్పులో ఉంది, రుచి మాత్రం గొర్రె ఉన్ని కడిగిన నీళ్లలా ఉంది. నా తుప్పు తుపాకులు మాత్రం అతను అట్టే పెట్టుకున్నాడు. ఆ బేరంలో నష్టపోయింది అతనే.

సాయంత్రం నా పడవను ఇసుక మీదికి లాగించి ఇంటికొచ్చాను. అప్పటికే వార్త వచ్చింది: పక్క రేవులో బుత్తీ షేక్ మా అయిదో ఫిరంగి విని, ఈసారి కెప్టెన్ ఓడెక్కితే తనూ కప్పు ముట్టకుండా దించుతానన్నాడట. నాకెందుకు, అది కెప్టెన్ బాధ.

ఓషా కాఫీ పెట్టి నాకిచ్చింది. వ్యాపారం బాగా జరిగిన రోజున నేను ఇంట్లో కొంచెం గొప్పలు పోతాను. ఫిరంగుల కథంతా చెప్పాను. ఆమె నవ్వుతూ విన్నది, తన కప్పులో పోసుకుంది. ఒక్క చుక్క తాగలేదు. మెల్లగా నా ముందు చాప మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆమెకేం కావాలో నాకు మూడేళ్లుగా తెలుసు. ఆ లెక్కన లాభపడవలసింది నేనే. కానీ తెలిసీ ఇవ్వకపోతే ఏమవుతుందో నా లెక్కలో ఎప్పుడూ రాసుకోలేదు.

"తాగు" అన్నాను. "తోటకు పోవడానికి ఒంటెలు పొద్దున్నే వస్తాయి."