అక్క గదికి పైకిటికీ

"నాకేదైనా ఫర్వాలేదురా, నీ ఇష్టం" అని అక్క అన్న ప్రతిసారీ తమ్ముడికి ఒళ్ళు మండిపోయేది. ఆ మాట వెనకాలే "కాకపోతే..." అని ఇంకో మాట వచ్చేది మరి. ఆ "కాకపోతే" దగ్గరే ఇంటి వెనక కడుతున్న గది నెలరోజులుగా ఆగిపోయి ఉంది.

ఆ గది అక్క కోసమే. ఆవిడ ఇన్నేళ్ళుగా ఉంటున్న అద్దె ఇంటిని యజమాని అమ్మేస్తున్నాడు, ఖాళీ చెయ్యమన్నాడు. భర్త పోయినప్పటినుంచీ ఆవిడ ఒక్కతే ఉంటోంది. పిల్లల్లేరు. ఒక పెద్దాస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. దుప్పట్లూ దిండుగలీబులూ లెక్కపెట్టించి, ఉతికించి, మడతపెట్టించి వార్డులకు పంపడం ఆవిడ పని. తెల్లారకముందే వెళ్ళే రోజులుంటాయి, పొద్దుపోయి వచ్చే రోజులుంటాయి. వాళ్ళమ్మ పోయినప్పుడు తమ్ముడికి ఇంకా ఊహ తెలీదు. తల దువ్వడం, ఎక్కాలు నేర్పడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, తప్పుచేస్తే వీపు విమానం మోత మోగించడం, అన్నీ అక్కే. అలాంటి అక్క ఈ వయసులో అద్దెకు ఇళ్ళు వెతుక్కుంటూ కాళ్ళరిగేలా తిరగడమేమిటని అతను వెనక ఉన్న ఖాళీ జాగాలో స్లాబు వేయించి గది కట్టిస్తున్నాడు. అక్క వచ్చి తన దగ్గరుండాలి. అతనికి కావలసింది అంతే.

గదికి రెండు పక్కల పొరుగిళ్ళ గోడలు. మూడో పక్క వీళ్ళ హాలు. నాలుగో పక్క వీధిలోకి పోయే సందు ఉంది కానీ, ఆ గోడ పొడవునా అలమర కట్టించాలని తమ్ముడు నిర్ణయించాడు. అక్క సామాను ఎక్కువ. ఆ అలమర మొత్తం అతని సొంత బుర్రలో పుట్టిన ఆలోచన, దాన్ని తలుచుకుని తనే మురిసిపోయేవాడు. కాబట్టి వెలుగు ఏదైనా వస్తే పైకప్పులోంచే రావాలి. మేస్త్రి స్లాబు పోసేటప్పుడే నడుమ చదరంగా ఖాళీ వదిలాడు. ఏ కిటికీయో తేలితే దాని కొలతకు సరిగ్గా చుట్టూ జానెడెత్తు గట్టు కడతాడు. గట్టు లేకపోతే బల్లపరుపుగా ఉన్న స్లాబు మీది నీళ్ళన్నీ గదిలోకే. గట్టు కట్టనిదే ప్లాస్టరింగు లేదు, అది కానిదే రంగుల్లేవు, రంగులు కానిదే అక్క లేదు. అంతవరకూ ఆ కన్నం మీద నీలం టార్పాలిన్ కప్పి నాలుగు రాళ్ళు పెట్టారు.

మొదటిసారి షాపుకి వెళ్ళినప్పుడు తమ్ముడు ఎంత హుషారుగా వెళ్ళాడో! షాపువాడు ముందుగా కదలకుండా బిగించేసే గాజుకిటికీ చూపించాడు. రెండు పొరల గాజు, వేడి తగ్గుతుంది, పగిలినా ముక్కలు రాలి మీద పడవు.

"బావుంది. నాకేదైనా ఫర్వాలేదు. కాకపోతే ఇది తెరుచుకుంటుందా?" అంది అక్క.

"తెరుచుకోదమ్మా, ఫిక్స్‌డ్."

"అయితే వద్దులే బాబూ."

సరే, గాలి కావాలనుకుంటోంది కాబోలు, న్యాయమే కదా అనుకున్నాడు తమ్ముడు. గాలికోసం కాస్త లేచే రకం చూపించారు. అక్క ఆ సందులో చెయ్యి పెట్టి చూసి, "ఇంతేనా లేచేది?" అని పెదవి విరిచింది. మోటారుతో పూర్తిగా లేచేది, చినుకు పడితే తనంతట తనే మూసుకునేది చూపించారు. "కరెంటు పోతే?" అంది. పొడవాటి కర్రతో తిప్పే రకం ఉందన్నారు. "రోజూ మెడ పైకెత్తి అది తిప్పుతూ కూర్చుంటే నా మెడ ఏమైపోవాలి?" అంది. బోర్లించిన గిన్నెలా ఉండే ప్లాస్టిక్ డోమ్ చూపిస్తే, వానొస్తే దాని కింద మనిషి చెవులుండవంది. పాలరంగు గాజు చూపిస్తే, కళ్ళకు శుక్లాలొచ్చినట్టుందంది. ఇవన్నీ ఒక్క రోజున అన్న మాటలైతే అదో తీరు. వీటికి నాలుగు ఆదివారాలు పట్టాయి.

చివరికి షాపువాడు విసిగి, మూలన పడి ఉన్న ఒక పెద్ద ఇనుప చట్రాన్ని చూపించాడు. అది కిటికీ కూడా కాదు, ట్యాంకు కడగడానికి స్లాబు మీదికి ఎక్కేవాళ్ళ కోసం చేసిన మూత. అక్క దాని ముందే నిలబడిపోయింది.

"ఇందులోంచి మనిషి పడుతుందా?"

"పడతారమ్మా. కానీ మీరెందుకు ఎక్కడం? ఎక్కేవాళ్ళు ఎక్కుతారు."

"నిచ్చెన మీరే ఇస్తారా, మేం కొనుక్కోవాలా?"

షాపువాడు తమ్ముడి మొహంలోకి చూశాడు. తమ్ముడు సిగ్గుతో చచ్చిపోయి, "పద అక్కా, రేపు ఆలోచిద్దాం" అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. దారంతా "ఎలాగైనా నీ ఇష్టంరా" అంటూనే ఉందావిడ.

తమ్ముడి వృత్తి కారు నడపడం నేర్పడం. క్లచ్ నొక్కమంటే బ్రేకు నొక్కేవాళ్ళతో రోజంతా వేగి ఇంటికొస్తాడు. కారులోనైతే అతని కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది, పక్కవాడు ఎంత కంగారు చేసినా ఆపుకోవచ్చు. అక్క దగ్గర ఆ సదుపాయం లేదు. ఇంటికి రాగానే మేస్త్రి ఫోను. "సార్, కొలత చెప్తారా, ఇంకో పని ఒప్పుకోమంటారా?" ఫోను పెట్టేయగానే భార్య. "ఏమండీ, మీ అక్కయ్య సంగతి తేల్చండి. ఇసుక గుమ్మంలో పోసుకుని ఎన్నాళ్ళుండాలి? కాలు పెడితే ఇసుక, చెయ్యి పెడితే ఇసుక."

"నేనేం చెయ్యను? అన్నీ ఇష్టమే అంటుంది, ఒక్కటీ ఒప్పుకోదు!"

భార్య నెమ్మదిగా అంది. "అసలు ఆవిడకి ఇక్కడికి రావడమే ఇష్టం లేదేమోనండీ."

ఆ మాటకి అతను ఒంటికాలి మీద లేచాడు. నువ్వే ఏదో అని ఉంటావన్నాడు. భార్య వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది. అతను మాత్రం ఆ మాటని తీసిపారెయ్యలేకపోయాడు. ఎందుకంటే ఆ పొద్దున్నే అక్క ఫోనులో ఒక మాట అంది. లాండ్రీలో పనిచేసే స్నేహితురాలు పక్క ఊళ్ళో ఒక చిన్న వాటా చూసిందట. ఇద్దరూ కలిసి తీసుకుందామంటోందట. "ఊరికే చూసొద్దామనుకుంటున్నానురా" అంది అక్క.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. టార్పాలిన్ మీద నీళ్ళు నిలిచి కుండలా కిందికి వేలాడింది. తమ్ముడు స్టూలెక్కి చీపురుకర్రతో ఓ పక్కకి నెట్టబోయాడు. రాళ్ళు జారాయి. నీళ్ళన్నీ, ఎండుటాకులతో సహా, అతని నెత్తిన పడ్డాయి. సరిగ్గా అప్పుడే అక్క గొడుగు మడుస్తూ హాల్లోంచి వచ్చింది. చూసి, కొంగుతో తల తుడవబోయింది.

"వద్దు!" అని అతను ఆ చెయ్యి తోసేశాడు. "తుడవక్కర్లేదు. నాకు ఒక్క మాట చెప్పు చాలు. నీకు రావాలని ఉందా లేదా? లేకపోతే లేదని చెప్పు, ఏడ్చి ఊరుకుంటాను. అంతేగానీ పాపం ఆ కిటికీల మీద పెట్టకు! నెలరోజులనుంచీ నా ప్రాణం తోడేస్తున్నావు!"

అక్క మొహం చిన్నబోయింది. గొడుగు గోడకి ఆనించి, తడి సిమెంటు వాసన కొడుతున్న ఆ గదిని ఒకసారి చుట్టూ చూసింది.

"ఈ గదిలోంచి బయటికి ఎలా వెళ్తారురా?"

"ఎలా వెళ్ళడమేమిటి? ఇదిగో, హాల్లోంచి."

"అదే."

"ఏంటి అదే?"

"తెల్లారుజామున నేను వెళ్తుంటే హాల్లో మీ అత్తగారు పడుకుని ఉంటారు. సాయంత్రం వస్తుంటే మీ వాళ్ళంతా టీవీ దగ్గర కూర్చుని ఉంటారు. ఎక్కడికి అంటారు. ఇంతసేపయిందేం అంటారు. ఆ సంచిలో ఏమిటంటారు. తప్పుగా కాదు, ప్రేమగానే అడుగుతారు. కానీ నేను చెప్పాలి. ఇన్నేళ్ళూ నా తాళం నేను తీసుకున్నాను, నా తాళం నేను వేసుకున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అలా బతకడం అలవాటైపోయిందిరా నాకు."

"అందుకని కప్పులోంచి ఎక్కిపోదామనుకున్నావా?" అతను దాదాపు అరిచాడు.

"ఏమో! గోడలన్నీ లేచిపోయాయి, ఇంక మిగిలింది కప్పులో ఆ కన్నం ఒక్కటే. దాన్నే పట్టుకు వేలాడాను. నాకూ తెలుసు బుద్ధిలేని ఆలోచనని."

"తలుపు కావాలని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? మేమేమన్నా పరాయివాళ్ళమా?"

"పరాయివాళ్ళైతే అద్దె ఇచ్చి తలుపు అడిగేదాన్ని. సొంతవాళ్ళు కాబట్టే నోరు రాలేదు. నువ్వేమో ఆ గోడంతా అలమర అలమర అని ఒకటే సంబరం. ఎలా చెప్పనురా?"

తమ్ముడికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలీక తడిసిన చొక్కా పిండుకుంటూ నిలబడ్డాడు. ప్రాణంగా చూసుకుందామని నాలుగువైపులా గోడలు కట్టించి పెట్టాడు. ఆవిడకేం కావాలో మాత్రం అడగలేదు, కిటికీ గురించి తప్ప.

గుమ్మంలో తువ్వాలు పట్టుకుని భార్య నిలబడి ఉంది. అంతా వింది. "వదినా, సందులోకి తలుపు పెడితే నా వాషింగ్ మెషీన్ ఎక్కడికి పోతుంది?" అంది. సందులో రేకు కింద ఉన్నది ఆవిడ మెషీనే మరి.

"లాండ్రీలో బతుకంతా గడిపినదాన్ని, ఒక్క మెషీన్‌కి చోటు చూపించలేనా? మీ స్నానాలగది పక్కన పడుతుంది, కుళాయి దగ్గర. నేను కొలిచాను."

"ఎప్పుడు కొలిచారు?"

"మొన్న."

భార్య తువ్వాలు మొగుడి నెత్తిన పడేసి, "అన్నీ కొలిచారు, నోరు తప్ప అన్నీ వాడారు" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

మేస్త్రి వచ్చి, లేచిన గోడకి ఇప్పుడు తలుపేమిటని నెత్తి బాదుకున్నాడు. పైన దూలం వెయ్యకుండా గోడ కొడితే స్లాబు కిందికి వస్తుందన్నాడు. కొంపలు మునుగుతాయన్నాడు. అన్నీ అని, చివరికి దూలం వేసి కొట్టాడు. అలమర సగమైంది. వడ్రంగి అప్పటికే కోసిపెట్టిన చెక్కల్ని తమ్ముడు ఒక్కొక్కటే లెక్కపెట్టి పక్కన పెట్టాడు. ఇక కిటికీకోసం మళ్ళీ షాపుకి వెళ్తే అక్క లోపలికి అడుగు పెడుతూనే మొట్టమొదట చూపించిన దాన్నే వేలు పెట్టి చూపించింది.

"ఇది తెరుచుకోదమ్మా" అని షాపువాడు భయం భయంగా హెచ్చరించాడు.

"తెరుచుకోకపోతేనే మంచిది బాబూ, దుమ్ము రాదు" అంది అక్క. తమ్ముడు పళ్ళు నూరుకుంటూ బయటికెళ్ళి కారులో కూర్చున్నాడు.

గట్టు కట్టారు, గాజు బిగించారు, వాన వస్తే ఒక్క చుక్క కూడా కిందికి రాలేదు. ఆఖరి పని హాలుకీ గదికీ నడుమ ఉన్న తలుపు. వడ్రంగి గడియ చేతిలో పట్టుకుని, "ఎటువైపు పెట్టమంటారు సార్?" అనడిగాడు.

"ఇటే, హాలువైపు" అన్నాడు తమ్ముడు. అందులో ఆలోచించడానికేముంది?

"కాదు బాబూ, గది వైపు" అంది లోపలినుంచి అక్క. గట్టిగా ఏమీ అనలేదు. ఈసారి "నీ ఇష్టం" అని కూడా అనలేదు.

తమ్ముడికి చెంప మీద కొట్టినట్టయింది. తను కట్టించిన గది, తన ఇంట్లో తలుపు, తనని బయట పెట్టి గడియ! వడ్రంగి ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూస్తున్నాడు. అప్పుడు భార్య హాల్లోంచి తల కూడా ఎత్తకుండా అంది. "వదిన చెప్పిన వైపే పెట్టండి. మనవైపు పెడితే దాన్ని స్టోరు రూమంటారు."

తమ్ముడు వడ్రంగి చేతిలోని గడియ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. తర్వాత, "అటే పెట్టు" అన్నాడు.

అక్క సామానుతో వచ్చేసింది. స్నేహితురాలి వాటా మాట మళ్ళీ ఎత్తలేదు. వారం తిరక్కుండా ఒక సాయంత్రం, నేర్చుకునేవాడెవడో కారు తీసుకెళ్ళి చెట్టుకి ఆనించిన రోజున, తమ్ముడు తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళి ఆ గోడు వెళ్ళబోసుకుందామని హాల్లోంచి తలుపు తోశాడు. కదల్లేదు. ఇంకోసారి తోశాడు. అప్పుడు గుర్తొచ్చి, చిరాగ్గా తట్టాడు.

"ఎవరూ?"

"నేనే. ఇంకెవరుంటారు?"

"ఉండు, వస్తున్నా."

వెంటనే రాలేదు. లోపల ఏదో సర్దుతున్న చప్పుడు, చెప్పుల చప్పుడు. అతను సొంత హాల్లో, సొంత తలుపు ముందు, పొరుగింటికి పెళ్ళిపిలుపుకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. భార్య చూసి నవ్వాపుకుంటోంది. ఒళ్ళు మండిపోతోంది. అయినా రెండోసారి తట్టలేదు.

గడియ తీసిన చప్పుడైంది. అక్క తలుపు పూర్తిగా తెరిచి, పక్కకి జరిగి, మొహమంతా నవ్వుతో, "రా, కూర్చో. మంచినీళ్ళు తేనా?" అంది.

అతను వెళ్ళి ఆవిడ చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. తెమ్మని చెప్పాడు.