జోజో అంత్యక్రియల పుస్తకంలో ఒక వాక్యం

శవం ఇంకా మార్చురీలో ఉండగానే సెకొండి రేవుపట్నంలోని జోజో ఇంట్లో కొట్లాట మొదలైంది. శనివారం చర్చిలో చదివి, వచ్చినవాళ్లకు పంచే అచ్చు పుస్తకంలో జోజో జీవితం రాసే పని పెదనాన్న కొడుకు క్వామెనా మీద పడింది. అందులో ఒక వాక్యం చూసి జోజో చెల్లెలు అరబాకు ఒళ్లు మండింది. "హార్బరు వీధి గేముల కొట్టులో చివరి వంతెన దాటిన మొనగాడు మా జోజో."

"దాటింది నేను. ఆ ముక్క కొట్టెయ్యి," అంది.

"చచ్చినవాడి ఒంటిమీద గుడ్డ లాక్కుంటావేంటే? ఆ కొట్టులో స్టూలు మీద వాడు కూర్చోవడం ఊరంతా చూసింది. కుట్టుమిషను తొక్కుకునేదానివి, నీకు గేములేంటి?"

క్వామెనా జేబులోంచి అరచేతిలో పట్టే గేమ్ మిషన్ తీసి ఆమె ఒళ్లో పడేశాడు. పాత గేములు వేలకొద్దీ నింపి అమ్మే చవక సరుకు. ఆ చివరి వంతెన ఉన్న గేమూ అందులో ఉంది.

"దాటు చూద్దాం. దాటితే నా చేత్తో నేనే కొట్టేస్తా."

ఆడి ముప్పై ఏళ్లయినా అరబా బొటనవేలికి ప్రతి గొయ్యీ గుర్తే. అయినా మొదటి గోతిలోనే పడింది. మళ్లీ పడింది. మూడోసారీ అంతే. మొక్కజొన్న పిండి కెంకే ముద్దలు ఆకుల్లో చుడుతున్న ఎకువా పిన్ని పగలబడి నవ్వింది.

"నొక్కిన వెంటనే ఎగరట్లేదు ఈ బొమ్మగాడు," అంది అరబా.

"ఆడలేక మద్దెల ఓడు!" అన్నాడు క్వామెనా.

ఆమెకు ఏడుపొచ్చింది. కానీ అతని ముందు ఏడవడం కంటే ఆ గోతిలో పడడమే నయం. గోడవైపు తిరిగి, గేములో గోతులు లేనిచోట బొమ్మను ఎగిరించి చూసుకుంది. నొక్కడం, ఒక రెప్పపాటు, అప్పుడు ఎగరడం. పాత కొట్టులో మిషన్ వేలు చెప్పగానే వినేది, ఇది బద్ధకిష్టిది. గొయ్యి రాకముందే నొక్కాలన్నమాట. వేలికి పాత అలవాటు మాన్పించేసరికి పిన్ని కెంకే ఉడికిపోయింది.

చివరి వంతెన దగ్గరికి ఒక్క ప్రాణంతో చేరింది. క్వామెనా కావాలనే ఆమె చెవి పక్కన దగ్గాడు. అరబా దాటింది.

అతను కాగితం చిరిగేలా ఆ వాక్యాన్ని కొట్టేశాడు.

"చల్లబడ్డావా? ఇప్పుడు నువ్వే చెప్పు, ఏం రాయను? నలభై ఆరేళ్లు బతికాడు. ఉద్యోగం లేదు, పెళ్లి లేదు. జనం వాడి గురించి చెప్పుకున్నది ఆ ఒక్కటే."

అరబా అతన్ని అప్పుడు అసహ్యించుకున్నంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు. అతనన్నది నిజం మరి.

"ఇలా రాసుకో," అంది చివరికి. "అరబా గేములాడుతోందని తెలిసి నాన్న బెల్టు పట్టుకుని వచ్చినప్పుడల్లా, అన్న ఆమెను వెనక తలుపులోంచి పంపేసి, ఆ స్టూలు మీద తను కూర్చునేవాడు. ఆ దెబ్బలన్నీ తనే తిన్నాడు."

"చర్చిలో చదవాల్సిన మాటలేనా ఇవి?"

"చదువు. గట్టిగా చదువు. నాన్న ముందు వరసలోనే కూర్చుంటాడు."